నేల బాగుందని చెప్పి వచ్చాను

అనంతపురం వెళ్లి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా ఊళ్లో ప్రతివాడూ అడిగేది ఒకటే ప్రశ్న. "అక్కడ నేల గొడ్డుబోయిందటగా, గడ్డిపరకైనా మొలవదటగా?" మొలుస్తుందయ్యా. నేను కళ్లారా చూశాను. చేత్తో తడిమాను. రుమాల్లో కొంచెం మూటగట్టుకున్నాను కూడా. అలా మొలిపించడానికి ఆరేళ్లు నడుములు విరుచుకున్న మొగుడూ పెళ్లాలకు ఆ చేను దక్కకుండా చేసి మరీ వచ్చాను. చేత్తో చేసిన పని కాదు, నోటితో చేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పాతికేళ్లుగా అంటూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

వెళ్లనివాళ్ల కోసం రాయమని స్నేహితులు పట్టుబడితే రాస్తున్నాను. గుళ్లూ గోపురాలూ ఉంటాయని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అంత దూరం పోయి లేపాక్షి నందిని చూడకుండా తిరిగొచ్చిన ప్రబుద్ధుణ్ణి నేను.

నేను బయల్దేరింది నా పొలం కోసం. ఉయ్యూరు పక్కన కాలవ కింద మాకు ఎనిమిదెకరాల మాగాణి ఉంది. మా నాన్నగారి రోజుల్లో ఆ పొలం గట్టు మీద నిలబడితే ఆకలి తీరేది. తర్వాత అమ్మోనియా బస్తాలు వచ్చాయి. మొదటి ఏడు ఒక్క బస్తాకే చేను నల్లగా లేచింది. మూడో ఏటికి రెండు బస్తాలు అడిగింది. ఇప్పుడు ఎన్ని పోసినా అదే తెలుపు, అదే తెగులు. నేల తవ్వితే పెంకు లేచినట్టు లేస్తోంది. అనంతపురం బదిలీ అయిన మా పంతులు గారొకాయన సెలవులకొచ్చి, "అక్కడ వాన లేని నేలలో బస్తా ముట్టకుండా, చెరువు మట్టితోనూ గొర్రెలతోనూ పండిస్తున్నారు. ఒకసారి చూసి రండి" అన్నాడు. అక్కడ తనకు తెలిసిన ఒక వకీలు గారికి ఉత్తరం కూడా రాసిచ్చాడు. ఆ ఉత్తరం దార్లో ఎక్కడైనా పడిపోయి ఉంటే ఎంత బాగుండేది!

గుంతకల్లు గాలి

బండి మారడానికి గుంతకల్లులో దిగాను. మొట్టమొదట పలకరించింది గాలి. మా వైపు గాలి లేచిందంటే వెనకాలే వాన ఉంటుంది. ఇక్కడి గాలికి వానతో చుట్టరికం లేదు. ఊరికే వీస్తుంది, కంట్లో ఎర్రదుమ్ము కొట్టిపోతుంది. ఎండకు తాళలేక గొడుగు విప్పాను. విప్పీ విప్పగానే తిరగబడి మూడు ఊచలు విరిగాయి.

"ఈడ గొడుగు ఎందుకప్పా? వాన వస్తాదనుకుంటివా?" అన్నాడు మూటలు మోసే మనిషి. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది. మా వైపు తెలియని మనిషిని "మీరు", "అండీ" అంటారు. ఇక్కడ కలెక్టరైనా "నువ్వే"నని తర్వాత తెలిసింది. తెలిశాక ఆ పిలుపు బాగానే అనిపించింది.

వకీలు గారి ఓళిగలు

అనంతపురంలో వకీలు గారు నన్ను సొంత తమ్ముణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నారు. ఆయన్ని తిట్టాలనే ఈ కథ రాస్తున్నాను గాని, ఆ ఇంటి తిండి గురించి అబద్ధం చెప్పలేను. వాళ్ల ఆవిడ విస్తట్లో పల్చగా, అరచెయ్యంత వెడల్పున ఏవో వేసి వాటి మీద నెయ్యి పోసింది. "బొబ్బట్లు బాగున్నాయమ్మా" అన్నాను. "బొబ్బట్లు కాదన్నా, ఓళిగలు" అంది. పేరేదైతేనేం, ఐదు తిన్నాను.

వకీలు గారు కోర్టు మానేసి నాలుగేళ్లయింది. నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడే మనిషి. నేను వచ్చిన పని చెబితే తల అడ్డంగా తిప్పారు.

"ఈ నేలలో ఏం చూస్తారండీ? మాకూ శింగనమల దగ్గర ఐదెకరాలుంది. రాళ్లదిబ్బ. నేను ఆ దిక్కు పోయి ఆరేడేండ్లయింది. ఎవరో గుత్తకు చేస్తాండాడు. ఏటా ఉగాదికి రెండు మూటల కొర్రలు తెచ్చి పడేసి పోతాడు. అంత ఎండిన నేలకు ఆ రెండు మూటలైనా ఎట్ల తెస్తాడో అని నాకే జాలేస్తాది. మీరు హాయిగా లేపాక్షి పోయి నందిని చూసిరండి."

గుత్త అంటే పండినా ఎండినా ముందే అనుకున్నంత కొలిచి ఇవ్వడం. కాగితం ఉండదు. ఈ ఉగాది నుంచి పై ఉగాది దాకా నోటిమాట, అంతే. లేపాక్షి పొమ్మన్న ఆయన మాట వినకుండా మర్నాడు శింగనమల బస్సెక్కాను.

బస్సులో మందూ మందా

బస్సు కదిలేలోగా బస్టాండు పక్కన ఉగ్గాని తిన్నాను. మరమరాల్ని వీళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పడేస్తారు. రెండణాలు. నయాపైసలొచ్చి ఇన్నాళ్లయినా అక్కడ అణాల బేరమే. మా బెజవాడలో ఆ డబ్బుకు చప్పటి ఇడ్లీలు రెండు వస్తాయి. బజ్జీ కొరికాక కళ్లలోంచి నీళ్లు కారి, ముందున్న బస్సు కూడా సరిగ్గా కనబడలేదు.

నా పక్క సీట్లో ఒక పెద్దమనిషి భుజాన నల్ల కంబళి వేసుకుని కూర్చున్నాడు. ఇంజను మోతలో ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"మీ వైపు చేలకు మందు వేస్తారా?" అని అడిగాను.

"వేస్తాం. వేయకుంటే యాడ పండుతాది?"

నాకు నీరసం వచ్చింది. ఇంత దూరం వచ్చింది మందు వేయని సేద్యం చూడ్డానికి కదా. "ఎకరానికి ఎంత వేస్తారు?" అన్నాను.

"రెండు నూర్లు. మూడు దినాలు పెడితే సాలు."

"రెండు వందల బస్తాలా!"

"బస్తాలేందప్పా? గొర్రెలు. రెండు నూర్ల గొర్రెలు. నీకు చెవుడా ఏమి?"

నేనడిగింది మందు, ఆయన చెప్పింది మంద. బస్సంతా నవ్వింది. ఆయన గొర్రెల కాపరి. పంట లేని రోజుల్లో మందను తీసుకెళ్లి చేలల్లో నిలుపుతాడట. రైతు బదులుగా గింజలు కొలుస్తాడు. గొర్రె వేసిన పెంటికా, పోసిన ఉచ్చా నేలలోకి దిగాలి. గిట్టలతో అదే తొక్కి కలిపేస్తుంది.

"తెల్లారి ఎండ తగిలేలోపల మడక తోలల్ల. ఎండ తగిలితే సారమంతా గాలికి పోతాది. సోమరి నా కొడుకులు పొద్దెక్కినాంక తోల్తారు. వాళ్లకి మంద పెట్టేది దండగ" అన్నాడు. మడక అంటే నాగలి.

"బాగా చేసేవాళ్లు ఎవరున్నారు?"

"ఓబులేసు ఉండాడు. వాడు చీకట్లోనే మడక కట్టుకోని నిలబడింటాడు. ఇప్పుడు చెరువులో మట్టి తవ్వుతాంటాడు, ఆడికి పో."

"అయితే అతని చేను బాగుంటుందన్నమాట."

కాపరి నా వంక అదోలా చూసి కిటికీలోంచి ఉమ్మేశాడు. "ఎండిపోయిండాది" అన్నాడు.

ఇదేమిటో నాకు అర్థం కాలేదు. ఆ రోజు దారి పొడుగునా ఎవర్నడిగినా అదే జవాబు. "నీ చేనెలా ఉంది?" అంటే "ఎండిపోయిండాది." "పక్కవాడిది?" "అదీ ఎండిపోయిండాది." మా వైపు పది బస్తాలు పండినవాడు ఇరవై అని చెప్పుకుని మీసం దువ్వుతాడు. వీళ్లది ఏడుపుగొట్టు స్వభావమని మనసులో తీర్మానించేశాను. నాకు తీర్మానాలు తొందరగా వస్తాయి.

చెరువులో

శింగనమల చెరువు మామూలు చెరువు కాదు, నిండితే సముద్రమేనట. నేను వెళ్లేసరికి నడిమధ్యన మాత్రం నీళ్లు మెరుస్తున్నాయి. మిగతాదంతా నెర్రెలిచ్చిన నల్లమట్టి. దాని మీద అక్కడక్కడా జనం గడ్డపారలతో పెళ్లలు లేపుతున్నారు.

నేను గట్టు దిగి దర్జాగా నడిచాను. పైన ఎండి గట్టిగా కనబడిన చోట కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయింది. రెండో కాలు ఊనితే అదీ దిగింది. ఒక ఆడమనిషి వచ్చి నా చంకల్లో చేతులు వేసి పైకి లాగింది. ఆమె బలం చూసి సిగ్గేసింది. కుడికాలి చెప్పు మాత్రం చెరువుకే వదిలేశాను.

నేనొచ్చిన పని చెప్పగానే, "మట్టి కావాలని వస్తివి గదన్నా, అదే నిన్ను పట్టుకునింది" అని పకపకా నవ్వింది. ఆమె లచ్చుమక్క. వెనకాల రెండు గాడిదల మీద గోనెలు నింపుతున్న సన్నటి మనిషి ఓబులేసు, ఆమె భర్త. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. ఓబులేసు తక్కువ మాటల మనిషి. వాళ్లాయన మాటలన్నీ లచ్చుమక్కే మాట్లాడుతుంది.

మట్టి ఎందుకు తోలతారని అడిగాను.

"యా వానకైనా మా చేన్ల పైమట్టంతా కొట్టుకోనొచ్చి ఈడ పడతాది. ఆకూ అలమూ, పశువుల పేడా అంతా దీంట్లోనే ఉండాది. మాది మేం ఎత్తుకోని పోతాండాం, అంతే. మాకు బండి లేదు. ఈ రెండు గాడిదలూ, మా ఇద్దరి తలకాయలూ. ఆరేండ్లయింది."

అంతకు ముందు వాళ్లకు చేనే లేదట. ఏటేటా తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని కూలికి దేశం మీద పడేవాళ్లు. తుంగభద్ర కట్ట పనిలో నాలుగేళ్లు రాళ్లు మోశారు. "ఈ చేను దొరికినాంక మళ్లీ ఊరు దాటిపోలే" అంది లచ్చుమక్క. అంది గాని వెంటనే నాలిక్కరుచుకుని, "ఏదో, రాళ్లదిబ్బ" అని సర్దుకుంది.

రోడ్డు మీదికి కనిపించని చేను

రోడ్డు మీద నిలబడి చూస్తే నిజంగానే రాళ్లదిబ్బ. అరెకరం మేర గుండ్రాళ్లూ, రేగుకంపా, తంగేడు పొదలూ. నన్ను మోసం చేశారా అనుకున్నాను. ఓబులేసు ఆ కంపల మధ్య సన్నటి దారిలో నన్ను తీసుకెళ్లాడు. అవతల నేల పల్లంలోకి దిగింది. దిగాక, నేను నోరు తెరిచి నిలబడిపోయాను.

చుట్టూ ఎర్రటి గరుసు నేల. ఈ నాలుగున్నర ఎకరాలు మాత్రం కాఫీపొడి రంగు. వాలుకు అడ్డంగా ఏరిన రాళ్లతో కట్టలు కట్టారు, మట్టి జారకుండా. కంది కొట్టేసి ఎన్నాళ్లో కాలేదు. మోళ్లు నా బొటనవేలంత లావున్నాయి. ఆ ఏడు చుట్టుపక్కల ఎవరికీ విత్తిన గింజ తిరిగి రాలేదట. వీళ్లకు కొర్రలు వచ్చాయి, కంది వచ్చింది, గట్ల మీద ఆముదాలు వచ్చాయి. ఓబులేసు గడ్డపారతో మూరెడు లోతు తవ్వి, ఒక పిడికెడు తీసి నా చేతిలో పెట్టాడు. మాఘం వెళ్లిపోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆ మట్టి చల్లగా ఉంది. పిడికిలి బిగిస్తే ముద్దయింది, వదిలితే పొడి అయింది. వాసన చూశాను. అచ్చం మా నాన్నగారి నాటి మా పొలం వాసన. నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎలా చేశావయ్యా?" అన్నాను.

"మట్టి, మంద, ఆకు" అన్నాడు ఓబులేసు.

లచ్చుమక్కకు ఆ మూడు మాటలు చాల్లేదు. "కానుగాకు, జిల్లేడాకు కోసుకోనొచ్చి తొక్కుతాం. పొయ్యిలో బూడిద ఒక చిటికెడు పారేయం. కొర్రలో కంది కలిపి చల్లుతాం, కంది ఆకు రాల్తే నేలకి దుప్పటి కప్పినట్ల ఉంటాది. అందరూ సెనక్కాయ, సెనక్కాయ అని ఎగబడతాండారు. ఏటా అదొకటే వేసి, కట్టెతో సహా పీకి అమ్ముకుంటే నేల ఏం తిని బతుకుతాది?" సెనక్కాయ అంటే వేరుశనగ.

చేను పక్కనే పందిరి కింద అన్నం పెట్టారు. రాగిసంగటి ముద్ద, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మన గోంగూరే. సంగటిని నేను నమలబోతే "మింగల్లన్నా, నమిలేది కాదు" అని నేర్పింది. రెండో ముద్ద గొంతుకడ్డం పడి చచ్చేంత పనైంది.

తింటూ నా పొలం గోడు వెళ్లబోసుకున్నాను. ఓబులేసు అంతా విని, మొదటిసారి తనంతట తాను ఒక ప్రశ్న వేశాడు.

"నీ నేల నువ్వే చేస్తావా సామీ?"

"లేదు. కౌలుకిస్తాం."

"ఎన్నేండ్లకి?"

"రెండేళ్లకొకణ్ణి మారుస్తాం. ఎక్కువ కాలం ఉంచితే నాదేనని కూర్చుంటారు కదా."

ఓబులేసు సంగటి ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "అట్లయితే ఎవుడేస్తాడు సామీ నీ నేలకి ఎరువు? మట్టి ఈ ఏడు తోలితే పై రెండేండ్లకు గదా తిండి పెడ్తాది? ఆ పొద్దుకి వాడు ఉండడే."

ఇంత దూరం వచ్చి వెతికిన జవాబు అది. దాన్ని పళ్లెం పక్కన పెట్టినట్టు పెట్టాడు. నాకు నచ్చలేదు. మాట మార్చడానికి, "ఇంతకీ ఈ చేను ఎవరిది?" అన్నాను.

"మాది కాదు. గుత్త. టౌన్లో వకీలు సామిది" అన్నాడు. ఆయన పేరు కూడా చెప్పాడు.

"ఓరి నీ! నేను దిగింది ఆయన ఇంట్లోనేనయ్యా! ఈ చేనేనా ఆయన రాళ్లదిబ్బ అన్నది?" అని తొడ చరిచాను.

ఎవరూ నవ్వలేదు. లచ్చుమక్క వడ్డించబోతున్న గరిటె అలాగే పట్టుకుని మొగుడి వంక చూసింది. నెమ్మదిగా అంది: "అన్నా, ఆ సామి అడిగితే ఎండిపోయిండాదని జెప్పు."

"అదేమిటమ్మా? బంగారంలాంటి నేలను పట్టుకుని!"

"అట్ల అనొద్దన్నా! దిష్టి తగుల్తాది." చప్పున వంగి చిటికెడు మట్టి తీసి, దాని మీద ఉమ్మి, వెనక్కి విసిరేసింది.

ఇక చూడండి నా ప్రతాపం. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. కంటిచూపుకు పంట ఎండదనీ, మంచిని మంచి అని చెప్పుకోకపోబట్టే మన దేశం ఇలా ఉందనీ, మీ కష్టం నలుగురికీ తెలియాలనీ. వాళ్లిద్దరూ తల వంచుకుని విన్నారు. యజమాని ఇంటి అతిథితో "బాగుందంటే మా యజమాని చేను లాక్కుంటాడు" అని ఎలా అంటారు? దిష్టి అన్న ఒక్క మాట చాటున దాక్కున్నారు పాపం. ఎవరి దిష్టి అని నేను అడగలేదు. రోడ్డు పక్క అరెకరం ఎందుకు బాగు చేయలేదని మాత్రం అడిగాను. "ఆడ నేల బాగలేదు సామీ" అన్నాడు ఓబులేసు. వస్తూ వస్తూ కాలితో గీకి చూశాను. అదీ అదే నేల. సోమరితనమేమో అనుకున్నాను! ఆరేళ్లు మట్టి మోసినవాణ్ణి సోమరి అనుకున్న బుర్ర నాది.

మళ్లీ ఓళిగల ఇంట్లో

సాయంత్రానికి అనంతపురం చేరి, కాళ్లు కూడా కడుక్కోకుండా రుమాలు విప్పాను.

"వకీలు గారూ, ఇది ఎక్కడి మట్టో చెప్పండి చూద్దాం."

ఆయన కళ్లజోడు పెట్టుకుని వేళ్లతో నలిపారు. "నది ఒడ్డుదా?"

"మీదే! మీ రాళ్లదిబ్బది!"

నా సంబరం చూడాలి ఆ పూట. రాతికట్టలు చెప్పాను, మంద చెప్పాను, కందిమోళ్ల లావు బొటనవేలు చూపించి చెప్పాను. ఆయన పొంగిపోతారనీ, ఓబులేసుకు ధోవతో శాలువో పంపుతారనీ నా ఊహ. ఆయన ప్రశాంతంగా అన్నీ వింటూ, మధ్యమధ్య చిన్న చిన్న ప్రశ్నలు వేశారు. పల్లంలో బావి తవ్వితే నీళ్లు పడతాయా? "తప్పకుండా" అన్నాను, మహా నిపుణుడిలాగ. దక్షిణం మూల అయితే మంచిదని చోటు కూడా చెప్పాను. చీనీ చెట్లు వస్తాయా? "ఆ మట్టిలో రాయి పాతినా చిగురుస్తుందండీ" అన్నాను. చీనీ అంటే బత్తాయి.

"రోడ్డు పక్క అరెకరం మాత్రం ఎందుకో అలాగే వదిలేశాడు" అని చివర్న కలిపాను.

వకీలు గారు వక్కపలుకు నమలడం ఆపారు. "వదిలేసినాడా?" అన్నారు. తర్వాత చిన్నగా నవ్వారు. చాలాసేపు నవ్వారు. కోర్టులో ఎదుటి సాక్షి అబద్ధం దొరికినప్పుడు ఇలాగే నవ్వేవారేమో. అప్పుడు, అప్పుడుగానీ నాకు తలకెక్కలేదు, ఆ రాళ్లూ కంపా రోడ్డు మీదికి చేను కనబడకుండా నిలిపిన తెర అని. ఆ రాత్రి విస్తట్లో ఏం వడ్డించారో గుర్తు లేదు.

చేను చూడ్డం

పొద్దున్నే ఎవరిదో జీపు తెప్పించారు. నాకు రావాలని లేదు. "మీరే చూపించల్ల, నాకు హద్దులు కూడా మరపొచ్చినాయి" అన్నారు. ఒంటికాలి చెప్పుతో వచ్చిన నాకు కొత్త జత కొనిచ్చారు దార్లో. అంత మర్యాదస్తుడు.

మొగుడూ పెళ్లాలు చెరువు మట్టి దించుతున్నారు. జీపు చూసి నిలబడిపోయారు. వకీలు గారు చేనంతా నెమ్మదిగా తిరిగి, దక్షిణం మూల కాసేపు నిలబడి వచ్చారు.

"బాగా చేసినావే, ఓబులేసూ. పోయిన ఉగాదికి ఎండిపోయిండాది అంటివి గదప్పా?"

ఓబులేసు నా వంక చూశాడు. ఒక్కసారే చూశాడు. "ఏదో ఉండాది సామీ" అన్నాడు.

"సరేలే. ఈ ఉగాది నుంచి నేనే చేసుకుంటా. బావి తవ్విచ్చి చీనీ పెడ్తాం."

"సామీ, ఆరేండ్లు మట్టి తోలినాం."

"తోలినావు. కాదన్నదెవరు? చెరువు మట్టి సర్కారుది, నేల నాది. ఆరేండ్లూ పంట నువ్వే తింటివి గదా?" గొంతు పెంచకుండా, నచ్చజెబుతున్నట్టు అన్నారు.

నేను ఉండబట్టలేకపోయాను. "వకీలు గారూ, ఇది అన్యాయం. కనీసం ఇంకో రెండేళ్లు ఉంచండి" అన్నాను.

"ఇంకో రెండేండ్లుంటే కదలడండీ. మీకు తెలియంది కాదు" అన్నారాయన. నిజమే, నాకు తెలియంది కాదు. నోరు మూసుకున్నాను. ముందురోజు మూసుకోవాల్సిన నోరు.

పక్కనే ఉన్న మిట్ట చూపించి వకీలు గారు, "అది మూడెకరాలు. ఎప్పుడూ లెక్కలో ఏయలేదు గాని, అదీ నాదే. కావాలంటే చేసుకోప్పా. రెండేండ్లు గుత్త కూడా అడగను" అన్నారు. చాలా ఉదారంగా అన్నారు. ఓబులేసు ఆ మిట్ట వైపు నడిచాడు. అక్కడ గుండ్రాళ్లు తప్ప మన్ను కనబడలేదు. వంగి ఒక రాయి లేపాడు, పక్కకు పెట్టాడు. "సరే సామీ" అని అక్కణ్ణుంచే అన్నాడు.

లచ్చుమక్క నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, చేతులు జోడించాను. "తల్లీ, నాకు తెలియక..."

"అదట్లుండనీ" అంది. "నీకు ఎనిమిదెకరాలుండాది అంటివే?"

"ఉంది."

"మాకు రాసియ్యి, ఆరేండ్లకి. కాగితం మీద. గుత్త నువ్వెంతంటే అంత కొలుస్తాం. ఉండేదానికి ఒక కొట్టం సాలు. ఆడికే వస్తాం."

ఇలాంటిది అడుగుతుందని కల్లో కూడా అనుకోలేదు. "మాది వరి నేలమ్మా... కాలవ నీళ్లు... మీకు అలవాటు లేదు..." అని నసిగాను.

"వరి నేర్చుకుంటాం. సచ్చిన నేలకి పాణం పోసేది మాకు వచ్చు. దానికే గదన్నా నువ్వు ఇంత దూరం వస్తివి?"

జీపు హారను కొట్టారు. "ఇంటికెళ్లి, మా తమ్ముడితో మాట్లాడి, ఉత్తరం రాస్తాను" అన్నాను.

ఆమె నా ముఖం పరీక్షగా చూసింది. "రాయవులే అన్నా" అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్లి గాడిద మీది గోనె దించడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ పాత చేలోనే దించింది.

తిరుగుదారిలో వకీలు గారు మిట్ట వైపు చూస్తూ, "మంచి పనివాడు. ఐదారేండ్లలో దాన్ని కూడా దారికి తెస్తాడు చూడండి" అన్నారు.

మా పొలం

ఉగాది వెళ్లి నెల దాటింది. ఉత్తరం రాయలేదు. రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, అబద్ధం చెప్పను. పైన "లచ్చుమక్కకు" అని రాసి ఆగిపోయాను.

మా పొలం చేసేవాడికి ఈ ఉగాదికి రెండేళ్లు నిండాయి. వాణ్ణే ఉంచుదామా అని మా తమ్ముణ్ణి అడిగాను. "మూడో ఏడు ఉంచితే పాతుకుపోతాడన్నయ్యా. నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు. నేను గట్టిగా మాట్లాడలేదు. ప్రతి చోటా లేచే నోరు అక్కడ లేవలేదు. కొత్తవాడు నిన్న తాంబూలం తీసుకున్నాడు. పొలానికి ఎరువేం వేస్తావని అడిగాను.

"అమ్మోనియా బస్తాలేనండి, ఇంకేం వేస్తాం?" అన్నాడు.

సరే అన్నాను.